ఓఎస్ అప్‌గ్రేడ్ రిలీజ్ నోట్స్: ఏ వరుసలో పేర్చాలి, ఎలా పోగెయ్యాలి

బెంగళూరులో మన తెలుగువాళ్లున్న ఐటీ టీముల్లో ఎవరిని కదిపినా ఏదో ఒక ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) అప్‌గ్రేడ్ మధ్యలోనే ఉంటున్నారు. సెంటాస్ 7కి 2024 జూన్ 30తో సపోర్ట్ అయిపోయింది. ఉబుంటు 22.04 మీద ఉన్నవాళ్లు 24.04కి కదులుతున్నారు. డెబియన్ 13 వచ్చింది 2025 ఆగస్టులో. ఈ మూడూ లినక్స్ రకాలే. అప్‌గ్రేడ్ స్క్రిప్టు రాయడానికి పోటీ పడతారు గానీ, ఏం మారిందో, ఎవరు ఎప్పుడు ఏం చెయ్యాలో చెప్పే రిలీజ్ నోట్స్ దగ్గరికొచ్చేసరికి ఆ పని టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ల నెత్తిన పడుతుంది. వాళ్లు పాపం టికెట్ల (ఒక్కో పనికీ రాసుకునే చీటీల) లిస్టు దించి, ముందు చుక్కలు పెట్టి, పీడీఎఫ్ చేసి పంపేస్తారు. పేజీలకు పేజీలు. ఎవరూ చదవరు.

ఆ కొత్తవాళ్ల కోసమే ఇది. మీ కంపెనీ సొంత లినక్స్ ఇమేజ్ తయారుచేసి బ్రాంచీలకో కస్టమర్లకో పంపుతున్నా, లోపలి సర్వర్లన్నిటినీ ఒక వెర్షన్ నుంచి ఇంకో వెర్షన్‌కి తీసుకెళ్తున్నా, తేల్చుకోవలసినవి రెండు: నోట్స్‌ని ఏ వరుసలో పేర్చాలి, ఆ సమాచారాన్ని ఎలా పోగెయ్యాలి. రెండూ వేరువేరు ప్రశ్నలు. చాలా టీముల్లో రెండోదానికి దొరికిన జవాబునే మొదటిదానికీ అంటగట్టేస్తారు. టికెట్లు కాంపొనెంట్ వారీగా ఉన్నాయి కాబట్టి నోట్స్ కూడా కాంపొనెంట్ వారీగానే వచ్చేస్తాయి.

వరుస

కాంపొనెంట్ వారీ అంటే కెర్నెల్ (ఓఎస్ గుండెకాయ), నెట్‌వర్క్, స్టోరేజ్, సెక్యూరిటీ అని విడగొట్టడం. రాసేవాళ్లకి దీనికంటే సుఖమైన పద్ధతి లేదు. ఎవరి ముక్క వాళ్లు ఇచ్చేస్తారు, అతికిస్తే అయిపోతుంది. స్టోరేజ్ చూసే ఇంజనీరుకి కూడా బాగానే ఉంటుంది, నేరుగా తన భాగానికి వెళ్లిపోతాడు. ఇబ్బంది అల్లా అప్‌గ్రేడ్ చేసే మనిషికి. రాత్రి మెయింటెనెన్స్ విండోలో, అంటే సర్వర్లు ఆపి మార్పులు చేసుకునే గంటల్లో, కూర్చున్న అమ్మాయికి కెర్నెల్ భాగంలో ఒక హెచ్చరిక, నెట్‌వర్క్ భాగంలో ఇంకోటి, చివరెక్కడో సెక్యూరిటీలో మూడోది ఉంటాయి. వాటిలో ఏది రీబూట్‌కి ముందు చెయ్యాలో, ఏది సోమవారం దాకా ఆగుతుందో ఆమే ఏరుకోవాలి. డాక్టరు మందుల చీటీ మీద టిఫిన్‌కి ముందు, తర్వాత అని రాయకుండా కంపెనీల వారీగా మాత్రల పేర్లు రాసిచ్చినట్టు ఉంటుంది వ్యవహారం.

మార్పు రకం వారీ పద్ధతి ఇప్పుడు అందరికీ అలవాటే. కీప్ ఎ చేంజ్‌లాగ్ అనే ఒరవడిలో ఆరు పెట్టెలుంటాయి: కొత్తగా చేర్చినవి, మార్చినవి, త్వరలో తీసేసేవి, తీసేసినవి, సరిచేసినవి, సెక్యూరిటీ. లైబ్రరీలకి (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్‌కి) ఇది చక్కగా సరిపోతుంది. ఓఎస్‌కి వచ్చేసరికి మాత్రం ప్రమాదమంతా ‘మార్చినవి’ అనే ఒక్క పెట్టెలో చేరిపోతుంది. అందులో వాల్‌పేపర్ మార్పూ ఉంటుంది, డీఫాల్ట్ ఫైర్‌వాల్ మార్పూ ఉంటుంది. రెండూ ఒకే సైజు చుక్క పక్కన. ‘తీసేసినవి’ పెట్టె కూడా అంతే. రెడ్ హ్యాట్ లినక్స్ 8లో సర్వర్ గడియారం సరిచేసే ఎన్‌టీపీ ప్యాకేజీ తీసేసి, అదే పని చేసే క్రోనీ ఒక్కటే ఉంచారు. దాన్ని ‘ఎన్‌టీపీ తీసేశాం’ అని ఒక్క లైను రాస్తే నిజమే, తప్పేం లేదు. కానీ సొంత టైమ్ సర్వర్ల పేర్లు పాత కాన్ఫిగ్ ఫైల్లో రాసుకున్న బ్రాంచీకి కావలసింది ఆ లైను కాదు. అప్‌గ్రేడ్ మొదలుపెట్టక ముందే ఆ పేర్లు క్రోనీ ఫైల్లోకి తెచ్చుకోవాలన్న మాట కావాలి.

పాఠకుల వారీ పద్ధతిలో ఒక భాగం అడ్మిన్లకి, ఒకటి డెవలపర్లకి, ఒకటి మామూలు యూజర్లకి. ఫెడోరా లినక్స్ డాక్యుమెంట్లలో ఈ విభజన కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ వాళ్లది దీనికంటే పదునైన కత్తి. ప్రతి వెర్షన్‌కీ ప్రవర్తన మార్పుల్ని రెండు పేజీలు చేస్తారు: అన్ని యాప్‌లకీ వర్తించేవి, ఆ వెర్షన్‌ని టార్గెట్ చేసుకున్న యాప్‌లకి మాత్రమే వర్తించేవి. మొదటి పేజీ మీరు ఏమీ చెయ్యకపోయినా మీ నెత్తిన పడేది, రెండోది మీరు అడుగు వేస్తేనే తగిలేది. నాకు ఈ గీత చాలా నచ్చుతుంది. ‘మీరు ఎవరు’ అని అడగడం కంటే ‘ఇది మీకు ఎప్పుడు తగులుతుంది’ అని అడగడం ఎప్పుడూ మేలు. పైగా చిన్న కంపెనీల్లో అడ్మినూ డెవలపరూ ఒకడే. మర్నాడు ఫోనెత్తి సపోర్ట్ ఇచ్చేదీ వాడే. మూడు భాగాలూ వాడే చదవాలి, కాబట్టి ఒక్కటీ చదవడు.

ఇక నాలుగోది, నేను ఎంచుకోమని చెప్పేది: సమయం వారీ. అప్‌గ్రేడ్‌కి ముందు, జరుగుతుండగా, రీబూట్‌కి ముందు, రీబూట్ అయ్యాక, తీరిగ్గా. డెబియన్ రిలీజ్ నోట్స్ ఒకసారి తెరిచి చూడండి. కొత్తగా ఏముందో చెప్పే అధ్యాయం వేరు, పాత వెర్షన్ నుంచి ఎలా రావాలో చెప్పే అధ్యాయం వేరు, జాగ్రత్త పడవలసిన విషయాలకి ఇంకో అధ్యాయం. అప్‌గ్రేడ్ అధ్యాయం బ్యాకప్‌తో మొదలవుతుంది. తర్వాత యూజర్లకి ముందే చెప్పండి అంటుంది, మధ్యలో ఆగిపోతే కోలుకునే దారి సిద్ధం చేసుకోండి అంటుంది, స్క్రీన్ మీద వచ్చేదంతా ఫైల్లోకి రికార్డు చేసుకోమంటుంది. కమాండ్లు ఆ తర్వాతే. కొన్ని రిలీజ్‌లలోనైతే ‘రీబూట్‌కి ముందు చెయ్యవలసినవి’ అని హెడింగ్ పెట్టి, దాని కింద ఈసారి ప్రత్యేకంగా ఏమీ లేవని రాశారు. ఏమీ లేదని చెప్పడానికి ఒక హెడింగ్ ఎందుకని మీ మేనేజర్ అడగొచ్చు. రాత్రి ఒంటిగంటకి "అన్నా, ఇంకేమన్నా చూడాలా, రీబూట్ కొట్టేదా?" అని ఫోన్ చేసే కుర్రాడికి ఆ హెడింగే జవాబు. అది లేకపోతే ఏమీ లేదా, రాయడం మర్చిపోయారా అనే టెన్షన్ వాడికి.

ఈ పద్ధతిలోనూ లోటు ఉంది. కాంపొనెంట్ పేరు పట్టుకుని వెతికేవాళ్లకి విషయం చెదిరిపోయి కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) గురించి ఒక ముక్క ‘ముందు’లో, ఇంకోటి ‘రీబూట్ అయ్యాక’లో ఉంటుంది. అందుకని చివర కాంపొనెంట్ వారీగా ఒక చిన్న పట్టిక పెట్టి, ఒక్కోదానికీ పైన ఏ భాగంలో ఉందో లింకు ఇవ్వండి. విషయం మాత్రం అక్కడ మళ్లీ రాయొద్దు. రెండు చోట్ల రాస్తే నెల తిరక్కుండా రెండూ రెండు మాటలు చెబుతాయి.

ఒక్క నోట్‌ని దగ్గరగా చూస్తే

ఉబుంటు 22.04 నుంచి 24.04కి వెళ్లే సర్వర్ తీసుకుందాం. కాంపొనెంట్ వారీ నోట్స్‌లో సాధారణంగా కనబడే లైను ఇది:

‘ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్: సిస్టమ్‌డీ సాకెట్ యాక్టివేషన్‌కు మార్చబడింది.’

(సిస్టమ్‌డీ అంటే లినక్స్‌లో సర్వీసుల్ని మొదలుపెట్టి నడిపే ప్రోగ్రాము.) చదివినవాడు తలూపి కిందికి వెళ్లిపోతాడు. అదే విషయాన్ని సమయం వారీగా, పని చేసే మనిషి వైపు నుంచి రాస్తే:

‘ఎవరికి: ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ 22 కాకుండా వేరేది వాడే సర్వర్లకి, పోర్ట్ మార్చే స్క్రిప్టులున్న టీములకి.
ఎప్పుడు: రీబూట్‌కి ముందు.
ఏం మారింది: పోర్ట్ మీద కాపలా కూర్చునేది ఇప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్ కాదు, సిస్టమ్‌డీ సాకెట్.
ఏం చెయ్యాలి: ఉన్న సెషన్ మూయకుండా ఇంకో విండోలోంచి కొత్తగా లాగిన్ అయి చూడండి. ఇకమీదట పోర్ట్ మార్చినప్పుడు సిస్టమ్‌డీకి డీమన్ రీలోడ్ ఇచ్చి, ఎస్‌ఎస్‌హెచ్ సాకెట్‌ని రీస్టార్ట్ చెయ్యండి. సర్వీస్‌ని మాత్రమే రీస్టార్ట్ చేస్తే సరిపోదు.
చెయ్యకపోతే: పోర్ట్ మార్చేశానని స్క్రిప్టు చెబుతుంది, సర్వర్ మాత్రం పాత పోర్ట్ మీదే ఉంటుంది.’

కమాండ్లు అసలు నోట్‌లో కాపీ చేసుకునేలా అక్షరం పొల్లు పోకుండా ఉండాలి, అది వేరే చెప్పక్కర్లేదు. చివరి లైను ‘చెయ్యకపోతే’ని చాలామంది కొట్టేస్తారు, భయపెట్టినట్టుంటుందని. కొట్టెయ్యొద్దు. నాకు అన్నిటికంటే పనికొచ్చేది అదే. సోమవారం పొద్దున సపోర్ట్‌కి వచ్చే ఫోన్ సరిగ్గా ఆ లైను మాటల్లోనే వస్తుంది, వెతికితే దొరుకుతుంది. ‘సాకెట్ యాక్టివేషన్’ అని ఏ కస్టమరూ వెతకడు.

ఇదే ఉదాహరణలో ఇంకో చిక్కు దాగి ఉంది. ఈ సాకెట్ మార్పు 24.04లో పుట్టింది కాదు, 22.10లో వచ్చింది. ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్) నుంచి ఎల్‌టీఎస్‌కి గెంతేవాళ్లు 22.10, 23.04, 23.10 ముఖాలే చూడరు. వాటి నోట్స్ కూడా చదవరు. మీరు 24.04 నోట్స్ మాత్రమే ముందేసుకుని మీ సొంత నోట్స్ రాస్తే, మధ్యలో మూడు వెర్షన్ల మార్పులు జారిపోయే ప్రమాదం ఉంది. రెడ్ హ్యాట్ వాళ్లు ఈ అవసరం గుర్తించి, మామూలు రిలీజ్ నోట్స్ కాకుండా పెద్ద వెర్షన్ మారేటప్పుడు గమనించవలసిన తేడాలతో విడిగా ఒక డాక్యుమెంటే ఇస్తారు. కాబట్టి మీ నోట్స్ మొదటి లైనులోనే ‘ఎక్కడి నుంచి ఎక్కడికి’ అని ఉండాలి. ‘24.04 నోట్స్’ అన్న టైటిల్ చాలదు, ‘22.04 నుంచి 24.04కి’ అని ఉండాలి. రెండు రకాల పాత వెర్షన్లున్న కస్టమర్లుంటే రెండు నోట్స్ రాయండి. ఒక్కదాన్లోనే ‘మీరు 20.04లో ఉంటే ఇది, 22.04లో ఉంటే అది’ అని ఇరికిస్తే రాత్రిపూట తప్పు లైను పట్టుకుంటారు.

పోగెయ్యడం

ఇక్కడ కూడా నాలుగు దారులున్నాయి. రెండింటి గురించి త్వరగా ముగిస్తాను.

రిలీజ్‌కి వారం ముందు ఒకరు కూర్చుని టికెట్లన్నీ తిరగేసి రాయడం మొదటిది. అప్పటికి ఆ మార్పు చేసినవాడు ఇంకో ప్రాజెక్టుకో, ఇంకో కంపెనీకో వెళ్లిపోయి ఉంటాడు. ఐటీ కంపెనీలుండే అవుటర్ రింగ్ రోడ్డు మీద రెండో మాట సర్వసాధారణం. వద్దు.

కమిట్ మెసేజీల (కోడ్ మార్పు దాచేటప్పుడు రాసే చిన్న వివరణల) నుంచి టూల్‌తో దించుకోవడం రెండోది. కమిట్ మెసేజ్ రాసేది కోడ్ రివ్యూ చేసేవాడి కోసం, సర్వర్ నడిపేవాడి కోసం కాదు. దించుకున్నదాన్ని యథాతథంగా పంపితే నోట్స్ కావు, కోడ్ డైరీ అవుతుంది. కానీ ఏదైనా వదిలేశామా అని సరిచూసుకోవడానికి ఆ జాబితా బాగా పనికొస్తుంది. ఫ్రీబీఎస్‌డీ అనే ఓఎస్ వాళ్లు దీన్ని తెలివిగా వాడుకున్నారు. కమిట్ మెసేజ్ చివర ‘రెల్‌నోట్స్’ అనే ట్యాగు పెట్టి ‘అవును’ అని రాస్తే, ఇది నోట్స్‌లోకి ఎక్కవలసిన మార్పు అని గుర్తు. నోట్స్ మాటలు కమిట్‌లోంచి రావు, ఆనవాలు మాత్రం వస్తుంది. ట్యాగు పెట్టడానికి డెవలపర్‌కి పట్టే టైమ్ ఎంత? రెండు సెకన్లు. టీమ్‌లో ఇంకేమీ కుదరకపోయినా ఇదొక్కటి రేపే మొదలుపెట్టొచ్చు.

మూడోది అందరూ రాసే ఒకే ఫైలు. మార్పు చేసినప్పుడే, అదే మెర్జ్‌లో (మార్పుని అసలు కోడ్‌లో కలిపేటప్పుడు), ఆ ఫైల్లో ఒక పేరా చేర్చాలి. ఫ్రీబీఎస్‌డీ సోర్స్‌లో అప్‌డేటింగ్ అనే ఫైలు ఇలాగే ఉంటుంది. తేదీ వేసి పేరా రాస్తారు, కొత్తది పైన. ఎప్పటి సోర్స్ నుంచి వస్తున్నారో ఆ తేదీ దాకా పైనుంచి చదువుకుంటూ వస్తే చాలు. ఎక్కడి నుంచి వచ్చేవాడికైనా పనికొచ్చే ఏర్పాటు ఇది. చిన్న టీముకి, అంటే ఒకే గదిలో కూర్చుని పనిచేసేవాళ్లకి, ఇంతకు మించి అక్కర్లేదు. టీము పెరిగిందంటే మాత్రం రోజూ మెర్జ్ కాన్‌ఫ్లిక్టులే. అందరూ అదే ఫైలు పైభాగంలో రాస్తారు మరి. విసుగొచ్చి జనం రాయడం మానేస్తారు.

నాలుగోది అందుకు మందు: ఒక్కో మార్పుకి ఒక్కో చిన్న ఫైలు. క్లౌడ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌స్టాక్ వాళ్లు రెనో అనే టూల్ ఇందుకే చేసుకున్నారు. మార్పుతో పాటు ఒక చిన్న యామల్ (మామూలు టెక్స్ట్ రకం) ఫైలు పెడతారు. ఒకరి ఫైలు ఇంకొకరి దానితో ఢీకొనకుండా పేరు చివర యాదృచ్ఛికంగా కొన్ని అక్షరాలు వస్తాయి. ఫైలు లోపల ఫీచర్లు, ఇష్యూలు, అప్‌గ్రేడ్, తీసేయబోతున్నవి, సెక్యూరిటీ లాంటి అరలుంటాయి. ‘అప్‌గ్రేడ్’ అని విడిగా ఒక అర ఉండటం గమనించండి. రాసేవాడు అప్పుడే ఆగి, దీనివల్ల అప్‌గ్రేడ్ చేసేవాడికి పనేమన్నా పడుతుందా అని ఆలోచించుకోవలసి వస్తుంది. ఏ నోట్ ఏ రిలీజ్‌లోకి వెళ్లాలో గిట్‌లో (కోడ్ మార్పుల్ని దాచే టూల్) ఉన్న చరిత్ర చూసి టూలే తేలుస్తుంది. పైథాన్ ప్రపంచంలో టౌన్‌క్రయర్ ఇలాంటిదే. ఫైలు పేరులోనే టికెట్ నంబరూ మార్పు రకమూ ఉంటాయి. నోట్స్ తయారవగానే చిన్న ఫైళ్లు తీసేస్తుంది.

మీ టీములో పదిమందికి మించి కోడ్ మెర్జ్ చేస్తుంటే చిన్న ఫైళ్ల పద్ధతికే వెళ్లండి. టూల్ ఏదైనా పర్వాలేదు, ఒక ఫోల్డరూ చిన్న స్క్రిప్టూ ఉన్నా సరిపోతుంది. అరల పేర్లు మాత్రం మీ వరుసకి తగ్గట్టు మార్చుకోండి. ‘ఫీచర్, బగ్‌ఫిక్స్’ బదులు ‘ముందు, రీబూట్‌కి ముందు, రీబూట్ అయ్యాక, తీరిగ్గా, ఏమీ అక్కర్లేదు’ అని పెట్టండి. అప్పుడు వరుసా పోగూ ఒకదానితో ఒకటి గొడవ పడవు. ‘ఏమీ అక్కర్లేదు’ అర తప్పనిసరి. అది లేకపోతే మెర్జ్ ఆగిపోతుందన్న కంగారులో ఏదో ఒక అరలో చెత్త పడేస్తారు. రివ్యూలో కోడ్‌తో పాటు ఈ చిన్న ఫైల్నీ చూడాలి. ‘చెయ్యకపోతే’ లైను లేకుండా వస్తే వెనక్కి పంపెయ్యండి.

నోన్ ఇష్యూస్‌ని (తెలిసిన లోపాల్ని) ఎక్కడ పెట్టాలి

నోట్స్ లోపలే పెట్టాలా, వేరే పేజీయా అన్న వాదన ప్రతి టీములోనూ వస్తుంది. విడుదల రోజున తెలిసినవి లోపల, తర్వాత తెలిసినవి వేరే పేజీలో. ఫ్రీబీఎస్‌డీ వాళ్లు రిలీజ్ నోట్స్, ఎర్రాటా (విడుదలయ్యాక తెలిసిన లోపాల జాబితా) రెండూ వేరువేరు డాక్యుమెంట్లుగా ఉంచుతారు. విడుదలైన నోట్స్ మళ్లీ మళ్లీ దిద్దుతూ పోతే, శుక్రవారం చదివి శనివారం అప్‌గ్రేడ్ చేసినవాడు చదివింది ఒకటి, మీరు చూపించేది ఒకటి అవుతుంది. ఇక వాదనలే. దిద్దక తప్పకపోతే తేదీ వేసి, పాత లైనుని కొట్టివేతతో అలాగే ఉంచండి.

డెబియన్ 13 నుంచి ఒక విషయం తీసుకుంటే తేడా బోధపడుతుంది. ఆ వెర్షన్‌లో టెంప్ (తాత్కాలిక ఫైళ్ల) ఫోల్డర్ డిస్క్ మీద కాకుండా మెమరీలో ఉంటుంది, డీఫాల్ట్‌గా ర్యామ్‌లో సగం దాకా వాడుకోగలదు. అప్‌గ్రేడ్ అయిన సిస్టమ్‌లకీ వర్తిస్తుంది. వద్దనుకుంటే ఆ మౌంట్‌ని మాస్క్ చేసి (రాకుండా ఆపేసి) రీబూట్ చెయ్యొచ్చు. ఇది బగ్ కాదు, తెలిసి చేసిన మార్పు, కాబట్టి నోట్స్‌లో ‘ముందు’ భాగంలో ఉండాలి: తక్కువ ర్యామ్ ఉన్న బాక్సులో పెద్ద రిపోర్టులు టెంప్‌లో పెట్టే ప్రోగ్రాములున్నాయా చూసుకోండి అని. కానీ మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నెలాఖరు రిపోర్టు దానివల్ల ఆగిపోతోందని విడుదలయ్యాక తెలిస్తే అది ఎర్రాటా. ఒకే కారణం, రెండు చోట్లు, మధ్యలో లింకు.

ఎవరికి ఏది

సొంత సర్వర్లు మాత్రమే చూసుకునే అయిదారుగురి టీమ్: సమయం వారీ వరుస, ఒకే ఫైలు, కమిట్‌లో ‘రెల్‌నోట్స్’ లాంటి ట్యాగు. వేరే ఎర్రాటా పేజీ కూడా అక్కర్లేదు, చాట్ ఛానెల్లో పిన్ చేసినా నడుస్తుంది.

బ్రాంచీలకి బాక్సులు పంపే ప్రోడక్ట్ కంపెనీ: సమయం వారీ, చిన్న ఫైళ్లు, ఎర్రాటా విడిగా. బాక్సు ముందు కూర్చునేది హిందూపురంలోనో కోలారులోనో ఉన్న ఫీల్డ్ ఇంజనీరు, మీరు కాదు. అతనికి మొదటి పేజీ చాలు, మిగతాది బెంగళూరు సపోర్ట్ టీముకి. అందుకని మొదటి పేజీ ఒక్కదాన్నే విడిగా ప్రింటు తీసుకునేలా చెయ్యండి.

యాప్‌లు రాసే బయటి డెవలపర్లు కూడా చదివే ప్లాట్‌ఫామ్ అయితే, పైన ఆండ్రాయిడ్ గీత గీయండి. ఆ తర్వాత లోపల సమయం వారీ.

ఆడిట్ ఉండే చోట్ల, బ్యాంకుల పని చేసేవాళ్లకి ముఖ్యంగా, మార్పు రకం వారీ జాబితా అడుగుతారు. వాళ్లకి టికెట్ల నుంచి దించిన పట్టిక ఇచ్చెయ్యండి. నోట్స్‌ని వాళ్ల కోసం వంచొద్దు.

చివరిగా, నోట్స్ ఎక్కడ ఉంచుతున్నారో చూసుకోండి. కంపెనీ వికీలో పెట్టి, ఆ వికీ వీపీఎన్ (కంపెనీ నెట్‌వర్క్‌లోకి బయటి నుంచి వెళ్లే దారి) వెనక ఉండి, ఆ వీపీఎన్ సర్వరే ఈ రాత్రి అప్‌గ్రేడ్ అవుతుంటే, ‘రీబూట్ అయ్యాక’ భాగం తెరవడానికి దారుండదు. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ పేరు మారే అవకాశం ఉన్న అప్‌గ్రేడ్లలో ఇది ఊహించుకున్న కష్టమేమీ కాదు. పీడీఎఫ్ ఒకటి ఫోన్లోకి దించుకుని, రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే) స్టెప్పులు, డేటాసెంటర్ వాళ్ల నంబరు దాని మొదటి పేజీలోనే ఉన్నాయో లేదో చూసుకున్నాకే విండో మొదలుపెట్టండి.